మా అత్త నడిచిన ఆరు నిమిషాలు

మా అత్త జ్ఞానాంబకు అబద్ధం చెప్పడం చేతకాదు, కాళ్లతో తప్ప. నోటితో అంటారా, కూర బాగలేకపోతే బాగలేదనే చెబుతుంది, అదీ వీధి చివరిదాకా వినబడేలా. నగరిలో ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ మగ్గాల మధ్య కూర్చుని కండెలకు నూలు చుట్టిన మనిషి. ఆ రొదలో పక్కవాళ్లకు మాట వినబడాలంటే అరవాల్సిందే కాబట్టి, మగ్గాలు లేని చోట కూడా అరిచే మాట్లాడుతుంది. రహస్యమైనా అంతే. నా పెళ్లయిన కొత్తలో "పాపం, ఈ పిల్లకు అన్నం వార్చేది కూడా రాదురా" అని మా ఆయన గిరి చెవిలో గుసగుసలాడింది. ఐదు నిమిషాల్లో పక్కింటి చంద్రకాంతమ్మ గిన్నె, చిల్లుల మూత పట్టుకుని నాకు నేర్పించడానికి వచ్చేసింది.

నా పేరు గ్రేసీ. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, గుండె విభాగంలో పన్నెండేళ్లుగా నర్సును. కోపిష్టిదాన్నని పేరు. అది కోపం కాదు, పని చేసేవాళ్లకు పని చెయ్యనివాళ్లను చూస్తే వచ్చే చిరాకు. సరే, ఆ సంగతి వదిలేద్దాం.

రెండేళ్ల నుంచి మా అత్తకు ఆయాసం. అప్పట్నుంచీ తిరుపతిలో మా దగ్గరే ఉంటోంది. ఒక డాక్టరు ఉబ్బసం అన్నాడు, ఇంకొకాయన గ్యాసు అన్నాడు, మూడో ఆయన వయసు అన్నాడు. యాభై ఆరేళ్లకే ఏం వయసండీ? చివరికి నేనే లాక్కొచ్చి మా ఆసుపత్రిలో స్కాను తీయిస్తే అసలు సంగతి బయటపడింది. గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకుపోయే నాళాల్లో పాత గడ్డలున్నాయి. వాటివల్ల ఆ నాళాల్లో పోటు పెరిగిపోయి, గుండె కుడివైపు ఉబ్బిపోతోంది. ఇది చేతికి పట్టీ కట్టి చూస్తే తెలిసే బీపీ కాదు, లోపలి బీపీ. ఆ మాటే ఆమెకు ఎక్కలేదు.

"బీపీ బాగుండాదని పొద్దున నువ్వేగా అంటివి. మద్యాన్నానికి బీపీ జబ్బు అంటావేమే?"

"అది వేరే బీపీ అత్తా."

"మనిషికి ఎన్ని బీపీలుంటాయి మే?"

ఆ గడ్డలను తీసేసే ఆపరేషను ఒకటుంది. కానీ చేసేవాళ్లు తక్కువ. మనకు దగ్గరంటే చెన్నైలో డాక్టర్ బాలాజీ అని ఒకాయన. ఆయన దగ్గర ఎనిమిది నెలల వరుస. ఎవరి పరిస్థితి అధ్వాన్నంగా ఉంటే వాళ్లను ముందు తీసుకుంటాడు. పరిస్థితి ఎలా ఉందో చూడటానికి ఒక నడక పరీక్ష పెడతారు. ముప్పై మీటర్ల వసారాలో ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ప్లాస్టిక్ కోన్లు పెట్టి, ఆరు నిమిషాలు అటూ ఇటూ నడవమంటారు. ఆయాసమొస్తే ఆగొచ్చు, కూర్చోవచ్చు. గడియారం మాత్రం ఆపరు. ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడిచారన్నదే లెక్క.

మా అత్త మా ఆసుపత్రి వసారాలో కొంగు నడుముకు దోపి, నాలుగు వందల పది మీటర్లు నడిచింది. నడిచి, బాత్రూములోకి పోయి, కొళాయి తిప్పి, అరగంట బయటికి రాలేదు. "ఏం చేస్తున్నావత్తా?" అంటే "కాళ్లు కడుక్కుంటా ఉండా" అంది. నేను నమ్మాను. పన్నెండేళ్ల నర్సును, నమ్మాను! రెండోసారి పెడితే నాలుగు వందల ముప్పై.

మా పెద్ద డాక్టరు నరేంద్ర ఆ కాగితం చూసి తల పట్టుకున్నాడు.

"స్కాను చూస్తే నాకు నిద్ర పట్టదు గ్రేసమ్మా, నడక చూస్తే పరుగు పందేనికి పంపాలనిపిస్తాది. ఈ అంకె చూస్తే బాలాజీ గారు మీ అత్తను వరుసలో చిట్టచివర నిలబెడతారు. ఆమె గుండె అన్నాళ్లు ఆగేట్టు లేదు."

అప్పుడు ఆయనే ఒక దారి చెప్పాడు. ఈ ఊపిరితిత్తుల బీపీ మీదే మా ఆసుపత్రి వాళ్లు తిరుపతిలో రెండు రోజుల సదస్సు పెడుతున్నారు. బాలాజీ గారు వస్తున్నారు. శనివారం మూడు గంటలకు డాక్టర్లందరి ముందూ ఒక రోగితో నడక పరీక్ష చేసి చూపించాలి. ఆ రోగి మా అత్త.

"కానీ ఈసారి ఆమె ఉన్నది ఉన్నట్టు నడవాల. అది నీ పూచీ," అన్నాడు.

రేణిగుంట రోడ్డులో ఒక హోటల్లో సదస్సు. హాలు నిండా చల్లటి ఏసీ, భోజనాలకు పదహారు రకాలు. శుక్రవారం మధ్యాహ్నం ఏమైందంటే, పక్క కల్యాణ మండపంలో భోజనం ఏర్పాటున్న ఒక యాత్రికుల బస్సు పొరపాటున మా గేట్లోకి వచ్చింది. నలభై రెండు గుండ్లు, నలభై రెండింటి మీదా చందనం. చక్కగా వరుసలో నిలబడి భోంచేసి, సదస్సు సంచులు తలా ఒకటి తీసుకుని, ఏసీ బాగుందని హాల్లో కూర్చున్నారు. ఉపన్యాసమయ్యాక "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడిగితే వాళ్లలో ఒక పెద్దాయన లేచి, "మోకాళ్ల నొప్పికి ఏమన్నా ఉండాదా సార్?" అన్నాడు. బెంగళూరు డాక్టరుగారు పాపం అది గుండెకు సంబంధించిన ప్రశ్నేననుకుని పది నిమిషాలు జవాబు చెప్పాడు.

వెనక వచ్చిన నిజం డాక్టర్లకు సాంబారన్నం కూడా మిగల్లేదు. నరేంద్ర సారుకు బీపీ వచ్చింది, మామూలు బీపీయే. "రేపు తలుపు దగ్గర నువ్వుండు గ్రేసమ్మా. మెడలో బ్యాడ్జీ లేకపోతే దేవుడొచ్చినా లోపలికి వదలొద్దు," అన్నాడు. నాకు అలాంటి పనులంటే ఇష్టం.

శనివారం పొద్దున ఇంకో తమాషా. వచ్చిన డాక్టర్లందరికీ దర్శనం టికెట్లు ఇప్పించిందీ నరేంద్ర సారే, అదే సమయానికి మూడు ఉపన్యాసాలు పెట్టిందీ ఆయనే. మొదటి ఉపన్యాసానికి హాల్లో నలుగురం ఉన్నాం. చెప్పే ఆయన, మైకు ఆయన, తర్వాత చెప్పాల్సిన డాక్టర్ ఐశ్వర్య, తలుపు దగ్గర నేను. తిరుపతిలో సదస్సు పెట్టి డాక్టర్లు కొండకు పోకుండా కుర్చీల్లో కూర్చుంటారని ఎవరైనా అనుకుంటారా? మధ్యాహ్నానికి ఒక్కొక్కరే దిగివచ్చారు. ఆరుగురికి గుండ్లు. వాళ్ల మెడల్లో బ్యాడ్జీలున్నాయి కాబట్టి వదిలాను.

మా అత్తను గిరి ఆటోలో తెచ్చి దించిపోయాడు. ఆమెను చూసి నాకు ఒళ్లు మండింది. పట్టుచీర, తల నిండా కనకాంబరాలు, పదివేళ్లకూ గోళ్లు నల్లబడేటంత గోరింటాకు.

"గోరింటాకు ఎందుకత్తా? వేలికి క్లిప్పు తగిలించి ఆక్సిజన్ చూడాల. గోరింటాకుంటే అంకె సరిగ్గా రాదు."

"పెద్దపెద్దోళ్లు వస్తారని నువ్వే అంటివి. బోసి సేతులతో ఎట్ల వచ్చేది?"

ఇక చెవికి తగిలించే క్లిప్పు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆమెను వరండాలో టీ బల్ల పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, "కదలొద్దు, ఇవాళ పరుగులొద్దు, ఆయాసమొస్తే ఆగు" అని నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ తలూపింది. అంత సులువుగా తలూపితే నాకు అనుమానం.

రెండుంపావుకు ఒక గుండాయన వచ్చాడు. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు, నున్నటి తల మీద చందనం ఇంకా తడిగా ఉంది. మెడలో ఏమీ లేదు.

"లోపలికి వెళ్లాలమ్మా," అన్నాడు.

"బస్సు పక్క మండపం కాడ నిలబడింటాది సామీ. భోజనాలు ఆడ."

"భోజనానికి కాదు. నేను డాక్టర్ని."

"నిన్న ఒకాయన తాసిల్దారునన్నాడు. మూడు జిలేబీలు తిని పోయినాడు."

"నిజంగానమ్మా. బ్యాడ్జీ, ఫోనూ కారులో ఉన్నాయి. దర్శనానికి ఫోను తీసుకుపోనివ్వరు కదా, డ్రైవరుకిచ్చాను. వాడు కింద ట్రాఫిక్‌లో చిక్కుకున్నాడు, నేను ఎవరి బండిలోనో వచ్చేశాను." ఆయన తలుపు పక్కనున్న పెద్ద బ్యానరు వైపు వేలు చూపించాడు. "అదిగో, అది నేనే."

చూశాను. బ్యానరు మీద డాక్టర్ బాలాజీ గారు. నుదుటి మీద పడే ఒత్తయిన జుట్టు, గుబురు మీసం. ఈయన్ని చూశాను. జుట్టూ లేదు, మీసమూ లేదు.

"సామీ, ఆ సార్‌కి మీసం ఉండాది. మీరు గొడవ చెయ్యకుండా పోండి, నాకు చాలా పనుండాది," అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఇంకొంచెం కూడా అన్నాననుకుంటా, అది ఇక్కడెందుకులెండి.

ఆయన కోప్పడలేదు. నవ్వుకుంటూ పోయి మా అత్త పక్క కుర్చీలో కూర్చున్నాడు. వాళ్లకూ నాకూ మధ్య ఇరవై అడుగులుంటుంది. మా అత్త గొంతుకు ఇరవై అడుగులు ఒక లెక్కా? ప్రతి మాటా వినబడుతోంది.

"ఏం సామీ, మా కోడలు లోపలికి పోనీలేదా?"

"ఆమె మీ కోడలా?"

"ఊ. నోరు గట్టిదే గానీ మనసు మంచిదిలే. కూర్సో, టీ తాగు. ఏం మొక్కు నీది?"

"మా అమ్మ మొక్కమ్మా. నేను పదో తరగతి పాసైతే గుండు కొట్టిస్తానని మొక్కుకుంది. ముప్పై ఐదేళ్లు తప్పించుకున్నాను. ఈసారి తిరుపతికి పోతున్నావు, జుట్టుతో వస్తే ఇంట్లోకి రానివ్వనంది."

మా అత్త పడీపడీ నవ్వింది. నవ్వు చివర దగ్గు వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. ఆయన నవ్వడం మానేసి ఆమెనే చూస్తున్నాడు.

"మీరెందుకొచ్చారమ్మా ఇక్కడికి?"

"నడిసేదానికి. మద్రాసు నుంచి ఎవురో పెద్ద డాక్టరంట. ఆయప్ప ముందర నడవాలంట. నడక సూసి కోస్తాడంట."

"నడవగలరా?"

మా అత్త అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. తగ్గించాననుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ తల తిప్పి చూశాడు.

"యాడ సామీ! మా ఇంట్లో నుంచి కొళాయి కాడికి ఇరవై అడుగులు. అది పొయ్యేలోపల రెండుసార్లు నిలబడతా. ఎవురన్నా సూస్తే గోడ మీద బల్లిని సూస్తా ఉన్నట్టు నిలబడతా. ఆసుపత్రిలో మాత్రం బిరబిరా నడిసేసినా. నాలుగు నూర్ల మీటర్లంట!"

"ఎలా నడిచారు మరి?"

"పండ్లు బిగబట్టి. అయినాంక కక్కసులోకి పోయి, కొళాయి తిప్పి, ఆ నీళ్ల సప్పుడులో ఆయాసపడినా. కండ్లు తిరిగి గోడ పట్టుకోని నిలబడినా. సచ్చిపోతాననుకున్నా సామీ, ఒట్టు."

"ఎందుకమ్మా అట్లా చెయ్యడం?"

"అది మా కోడలు పనిసేసే సోటు గదా! వాళ్లోళ్లంతా నిలబడి సూస్తా ఉండారు. నేను రొప్పుకుంటా కూలబడితే ఏమనుకుంటారు? ఊర్లో వాళ్లందరికీ సేవ సేస్తాది, ఇంట్లో అత్తను ఇట్ల పెట్టుకోనుండాది అనరా? మా వోడు ఈ పిల్లను ఇష్టపడి సేసుకున్నప్పుడు మావాళ్లు ఎన్నెన్ని మాటలన్నారో. కులం అన్నారు, మతం అన్నారు. అది ఒక్కదానికీ తిరిగి బదులు సెప్పలేదు. ఇంత నోరుండే పిల్ల, గమ్మున ఏడ్సింది. మళ్లా దాన్ని అనేదానికి నేను ఒక మాట అందియ్యాల్నా?"

నా చేతిలో బ్యాడ్జీల కట్ట ఉంది. అది ఎప్పుడు కింద పడిందో తెలీదు. నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంత పిచ్చి మనిషి ఉంటుందా? నా పరువు కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటుందా? ఆ రోజు బాత్రూము తలుపుకు ఇవతల నిలబడి, "తొందరగా రా అత్తా, నాకు డ్యూటీ ఉంది" అని అరిచింది నేనే.

సరిగ్గా అప్పుడే నరేంద్ర సారు హాల్లోంచి పరుగెత్తుకొచ్చాడు. "బాలాజీ గారు ఇంకా రాలేదా? ఫోను కూడా ఎత్తలేదు..." అంటూ వరండాలోకి చూసి, నిలువునా ఆగి, "సార్! మీరా సార్! ఇక్కడ కూర్చున్నారేంటి సార్!" అన్నాడు.

గుండాయన లేచి, టీ గ్లాసు మా అత్త చేతికిచ్చి, నా వైపు చూసి చిన్నగా దండం పెట్టాడు. ఆ క్షణాన భూమి చీలితే నేను సంతోషంగా లోపలికి పోయేదాన్ని.

మూడు గంటలకు హాలు మధ్యలో కుర్చీలు జరిపి దారి చేశారు. ఆ చివరొక కోను, ఈ చివరొక కోను. రెండు పక్కలా రెండు వందల మంది డాక్టర్లు. మా అత్త చెవికి క్లిప్పు, కొంగుకు మైకు. బాలాజీ గారు చేతిలో గడియారంతో నిలబడ్డాడు.

"నువ్వా!" అంది మా అత్త మైకులో. "ముందరే సెప్పొద్దా సామీ? అన్నీ కక్కించి కూర్సున్నావే!"

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వి, దగ్గరికి వచ్చి మెల్లిగా అన్నాడు. "టీ దగ్గర చెప్పినట్టే నడవండమ్మా. నేను రాసుకునేది ఇప్పటి నడకనే. ఇక్కడ ఎవరి పరువూ పోదు." నా వైపు తిరిగి, "నువ్వు గోడ దగ్గరే ఉండాలి. ఆరు నిమిషాలయ్యేదాకా ఆమెను ఎవరూ ముట్టుకోకూడదు," అన్నాడు.

మా అత్త తలూపింది. మళ్లీ సులువుగా ఊపింది! గడియారం నొక్కగానే రెండు వందల మంది కళ్లు తన మీద పడటం చూసింది. అంతే. కొంగు నడుముకు దోపింది, పళ్లు బిగించింది, మొదలుపెట్టింది. మొదటి ముప్పై మీటర్లు నగరి రైలు అందుకోవడానికి పోయే మనిషిలా పోయింది. కోను చుట్టూ గిర్రున తిరిగింది. తెర మీద ఆక్సిజన్ అంకె పడిపోతోంది. తొంభై ఒకటి, ఎనభై ఎనిమిది, ఎనభై ఐదు. పెదాలు నీలంగా మారుతున్నాయి, మొహంలో మాత్రం చిరునవ్వు. డాక్టర్లు ఒకరినొకరు చూసుకుంటున్నారు. బాలాజీ గారు తెరనీ గడియారాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

నాకు తెలిసిపోయింది. ఈ మనిషి ఇలాగే నడిచి, నాలుగు వందలు చేసి, వరుసలో చిట్టచివర నిలబడి, నాకు పరువు మిగిల్చి చచ్చిపోతుంది.

"అత్తా!" అని అరిచాను. మగ్గాల మధ్య కూడా వినబడేంత అరుపు. "నిలబడు! ఇంకొక్క అడుగు అట్ల వేసినావంటే ఈడనే, ఇంతమంది ముందర, నేల మీద పొర్లాడి ఏడుస్తా! నాకు పరువొద్దు, ఏమొద్దు! ఎవురేమన్నా అనుకోనీ! నువ్వు లేకపోతే నన్ను వెనకేసుకొచ్చేదెవురు అత్తా?"

మా అత్త నిలబడింది. నా వైపు తిరిగింది. "ఏడ్సొద్దు మే," అనబోయింది, సగమే వచ్చింది. పక్కనున్న కుర్చీ వీపు పట్టుకుంది. తర్వాత నెమ్మదిగా, పట్టుచీరతోనే, నేల మీద కూర్చుండిపోయింది.

"ఎవరూ కదలొద్దు. గడియారం నడవనివ్వండి," అన్నాడు బాలాజీ గారు. ఆయనే ఆక్సిజన్ మాస్కు తీసుకుని ఆమె పక్కన కింద కూర్చున్నాడు, అక్కర పడితే పెట్టడానికి సిద్ధంగా.

ఇంకా నాలుగున్నర నిమిషాలుంది. రెండు వందల మంది డాక్టర్లు చప్పుడు చెయ్యకుండా నిలబడ్డారు. కొంగు మైకులోంచి ఆమె ఊపిరి హాలంతా వినబడుతోంది. ఎగశ్వాస, దిగశ్వాస, మధ్యలో చిన్న ఈల లాంటి శబ్దం. రెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. టీవీ పెద్దగా పెట్టుకునేది, కొళాయి తిప్పేది, కుక్కర్ ఈలప్పుడు లేచి తిరిగేది. ఆ ఊపిరిని నేను మొదటిసారి ఆ రోజే విన్నాను. ఎంతమంది రోగుల దగ్గరో విన్న చప్పుడే, ఇంట్లో వినలేదు. గోడకు ఆనుకుని ముక్కు తుడుచుకుంటూ ఉన్నాను. ఐశ్వర్య మేడం నా భుజం పట్టుకుంది.

ఆరు నిమిషాలయ్యాయి. "డెబ్బై నాలుగు మీటర్లు," అని చదివాడు బాలాజీ గారు. మాస్కు ఆమె మొహానికి పెట్టి, నరేంద్ర సారుతో అన్నాడు. "ఎనిమిది నెలలు కుదరదు. వచ్చే నెల మొదటి వారంలో చేర్పించండి. స్కాను నేను రాత్రే చూశాను, గడ్డలు తీయొచ్చు." అలవాటు ప్రకారమో ఏమో, డాక్టర్లంతా చప్పట్లు కొట్టారు.

నేను పరుగెత్తి పోయి ఆమె పక్కన కూలబడ్డాను. అత్త మాస్కు కొంచెం ఎత్తి, "నడవలేకపోతే సప్పట్లు కొడతారేమే వీళ్లు?" అంది.

"నీ పేరు ముందుకొచ్చింది అత్తా. వచ్చే నెలే ఆపరేషను."

మాస్కులో నాలుగైదు ఊపిరులు తీసుకుంది. తర్వాత మళ్లీ ఎత్తి, నా చెవి దగ్గరకు వంగి అడిగింది. ఆమె గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. మైకుకు కూడా వినబడలేదు.

"అంత జబ్బు ఉండాదా గ్రేసీ నాకు?"

"ఉండాదత్తా."

"నాకు బయంగా ఉండాది."

"నాకూ బయంగానే ఉండాది," అన్నాను.

ఎవరో కుర్చీ తెచ్చారు. ఆమె వద్దని చెయ్యి ఊపి, నా చెయ్యి పట్టుకుంది. "రొంతసేపు ఈడనే కూర్సుందాం," అంది. డాక్టర్లు మమ్మల్ని తప్పించుకుని టీకి పోతున్నారు. మేము కూర్చున్నాం.